హైపోకి మాత్రలు వేస్తుంటే హైపర్ ఎలా అయింది? పాప థైరాయిడ్ గురించి ఒక తల్లికి సమాధానం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివానండి. నాకు అర్థమైంది ముందు చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. మీది రాజోలు దగ్గర ఊరు. పాపకి తొమ్మిదేళ్లప్పుడు జడ వేస్తూ అమ్మమ్మగారు మెడ ముందు లావుగా ఉందేంటని పట్టుకున్నారు, టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచెయ్యమని పురమాయించే హార్మోన్) 84, టీ4 (గ్రంథి తయారు చేసే థైరాక్సిన్ హార్మోన్) బాగా తక్కువ, యాంటీ టీపీఓ (గ్రంథి మీద వచ్చే ఒక యాంటీబాడీ) 600 పైన. హషిమోటో అన్నారు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీసి హైపో, అంటే హార్మోన్ తక్కువ చేసే జబ్బు, 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర రోజూ పరగడుపున. రెండున్నరేళ్లు బానే ఉంది, ఎత్తు కూడా పుంజుకుంది. ఈ సంక్రాంతి దాటాక నాలుగు కేజీలు తగ్గింది, తింటూనే తగ్గింది, ఫ్యాను కింద కూడా చెమట, రాత కోడి గీతల్లా అయిపోయింది, తమ్ముడితో అయినదానికీ కానిదానికీ గొడవ. ఏప్రిల్లో టీఎస్‌హెచ్ 0.01, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) 3.9, బాగా ఎక్కువ. మాత్ర ఎక్కువైందని సగం చేశారు, తర్వాత పూర్తిగా ఆపేశారు, ఆపిన ఆరు వారాలకి చూస్తే టీఎస్‌హెచ్ అలాగే ఉంది, ఫ్రీ టీ4 4.4 అయింది. ఇప్పుడు కాకినాడలో ఇంకో డాక్టరుగారు ఇది గ్రేవ్స్, అంటే గ్రంథి మితిమీరి పనిచేసే హైపర్ జబ్బు, హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ మొదలెట్టాలి అంటున్నారు. మొదటాయన తప్పు మందు ఇచ్చారా, ఆ మాత్రే ఇలా చేసిందా, ఇది జీవితాంతం ఉంటుందా, ఇదీ మీ ప్రశ్న. ఇంట్లో అమ్మమ్మగారైతే మాత్రే కొంప ముంచిందని తేల్చేశారు.

నేను పిల్లల డాక్టర్నండి, పాలకొల్లు భీమవరం వైపు ఇరవై ఏళ్లు దాటింది. సూటిగా చెప్పేస్తా. మొదటాయన తప్పు చెయ్యలేదు, ఇప్పుడు చెప్తున్నాయన కూడా తప్పు చెప్పట్లేదు. జబ్బే దారి మార్చింది. పిల్లల్లో ఇది అరుదే గానీ వింత మాత్రం కాదు, నేనే నా సర్వీసులో కొందర్ని చూశాను.

మాత్ర సంగతి ముందు తేల్చేద్దాం, ఇంట్లో గొడవ అక్కడే ఉన్నట్టుంది కాబట్టి. మీ పాప వయసులో థైరాయిడ్ గ్రంథి అసలు పనిచెయ్యకపోతే ఇచ్చే పూర్తి డోసు కేజీకి రోజుకి సుమారు 2 నుంచి 4 మైక్రోగ్రాములు. పాప ఇప్పుడు 34 కేజీలు అన్నారు, అంటే తక్కువలో తక్కువ 70 దాకా పడుతుంది. మీరు వేసింది 50. పూర్తి డోసు కూడా కానిదానికి ఫ్రీ టీ4 ఇంతలా ఎగబాకదు. ఇంకోటి, ఈ థైరాక్సిన్ ఒంట్లోంచి సగం పోవడానికి దాదాపు వారం పడుతుంది. వారానికి సగం, రెండు వారాలకి పావు, అలా లెక్కేసుకుంటూ పోతే ఆరు వారాలకి మిగిలేది 64వ వంతు. మాత్ర ఆపిన ఆరు వారాలకి టీ4 తగ్గాల్సింది పోయి పెరిగిందంటే ఆ టీ4 మాత్రలోది కాదు, పాప గ్రంథి సొంతంగా తయారు చేస్తున్నది. ఈ లెక్క కాగితం మీద వేసి అమ్మమ్మగారికి చూపించండి, ఒప్పుకోకపోయినా కాసేపు ఆలోచిస్తారు.

ఇందులో నేను కూడా ఒకసారి బోల్తా పడ్డానండి. పదిహేనేళ్ల పైమాటే, లంక గ్రామం నుంచి ఒక తల్లి పదేళ్ల బాబుని తీసుకొచ్చేది. వాడికీ హషిమోటోనే, 50 మాత్ర మీద బానే నడుస్తున్నాడు. ఒకసారి టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. నేను రిపోర్టు చూడ్డం చూడ్డమే, ఏమ్మా రోజుకి రెండేసి వేస్తున్నావా, తొందరగా తగ్గాలని, అని కసిరాను. ఆవిడ ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే పంటు దాటి మళ్ళీ వచ్చింది, కొంగులోంచి మాత్రల సీసా తీసి నా టేబుల్ మీద ప్రిస్క్రిప్షన్ పుస్తకం మీదే పోసేసి వేలితో రెండేసి రెండేసి జరుపుతూ లెక్కపెట్టింది. వంద మాత్రల సీసా, మూత తీసి 38 రోజులు, తేదీ సీసా మీద పెన్నుతో రాసుకుంది. 62 ఉన్నాయి. ఒక్కటి కూడా తేడా లేదు. అంత చూపించినా నేను సరేలే, డోసు తగ్గించి చూద్దాం అని మూడు నెలలు లాగాను, ఆ మూడు నెలల్లో వాడు ఇంకో మూడు కేజీలు తగ్గి గుండె దడతో వచ్చాడు. అప్పుడు గానీ అసలు చెయ్యాల్సిన టెస్టు చేయించలేదు. ఆవిడకి సారీ చెప్పాననుకోండి, కానీ ఆ మాత్రల లెక్క నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. అందుకే మీకు మొదట సగం చేసి తర్వాత ఆపిన డాక్టరుగార్ని తప్పు పట్టొద్దంటున్నా, ఆయన ఆరు వారాల్లో మళ్ళీ టెస్టు చేయించారు, నాకంటే నయం.

అసలు ఇదెలా జరుగుతుందంటే, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత గ్రంథి మీదకే యాంటీబాడీలు తయారు చెయ్యడం, దీన్నే ఆటోఇమ్యూన్ అంటున్నాం. ఈ యాంటీబాడీలు ఒక్క రకం కాదు. గ్రంథిలోని టీపీఓ అనే ఎంజైము మీద వచ్చేవి ఉంటాయి, ఇవి గ్రంథి మీద దాడి జరుగుతోందని చెప్పే గుర్తు, మీ పాపకి మొదట దొరికింది ఇదే. ఇంకో రకం టీఎస్‌హెచ్ రిసెప్టర్ మీద, అంటే గ్రంథి మీద టీఎస్‌హెచ్ వచ్చి తగిలే చోటు మీద వస్తాయి, వీటిలోనే మళ్ళీ రెండు, ఒకటి రేపేవి, ఇంకోటి ఆపేవి. మా దగ్గరికొచ్చే రైతులకి నేను తూము పోలిక చెప్తుంటా. గ్రంథి అనేది కాలవ మీద తూము అనుకోండి, తలుపు ఎత్తడం దించడం లస్కరు పని, ఆ లస్కరే టీఎస్‌హెచ్. చేలో నీళ్లు తగ్గితే లస్కరు పరిగెట్టుకొస్తాడు, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. రేపే యాంటీబాడీ అంటే రాత్రికి రాత్రి ఎవడో దొంగతనంగా తలుపెత్తేశాడన్నమాట, చేలు మునుగుతున్నాయి, లస్కరు నాకింక పనేముందని ఇంటికెళ్లి కూర్చున్నాడు, మీ 0.01 అదే. ఆపే యాంటీబాడీ అంటే తలుపు కదలకుండా కట్టేసినట్టు, లస్కరు ఎంత లాగినా నీళ్లు రావు. ఒకే పిల్లలో ఈ రెండు రకాలూ ఉండొచ్చు, ఒక ఏడాది ఒకరిది పైచేయి, ఇంకో ఏడాది రెండోవాళ్లది. దానికి తోడు తూము కట్టడాన్నే కోసేస్తున్న దాడి ఎంత మిగిల్చింది అనేది ఇంకో లెక్క. గ్రంథి పూర్తిగా పాడైపోయిన పిల్లలో రేపే యాంటీబాడీ వచ్చినా రేపడానికి ఏం ఉండదు. మీ పాప గ్రంథిలో సత్తువ బాగానే మిగిలిందన్నమాట.

పేర్లు వేరు కాబట్టి జబ్బులు కూడా వేరు వేరనుకుంటాం. గ్రేవ్స్ అనే ఐరిష్ డాక్టరు రాసింది 1835లో, హషిమోటో అనే జపాన్ సర్జన్ రాసింది 1912లో, నలుగురు ఆడవాళ్ల గ్రంథులు చూసి. దేశాలు వేరు, కాలాలు వేరు, ఒకరు చూసింది పరిగెత్తే గ్రంథి, ఇంకొకరు చూసింది గట్టిపడిన గ్రంథి. 1956కి వచ్చేసరికి హషిమోటో రోగుల రక్తంలో థైరాయిడ్ మీద యాంటీబాడీలున్నాయని లండన్లో కనిపెట్టారు, అదే ఏడాది న్యూజిలాండ్లో గ్రేవ్స్ రోగుల రక్తంలో గ్రంథిని రేపే పదార్థం ఒకటి ఉందని కనిపెట్టారు, అది కూడా యాంటీబాడీయేనని తర్వాత తేలింది. అంటే మూలం ఒకటే కుటుంబం. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారడం రెండూ జరుగుతాయి. పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ తేడాలైన డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో హషిమోటో నుంచి గ్రేవ్స్‌కి మారడం మిగతా పిల్లల కంటే ఎక్కువ కనిపిస్తుందని పిల్లల ఎండోక్రైనాలజిస్టులు రాస్తున్నారు. టైప్ 1 షుగరు, బొల్లి, సీలియాక్ (గోధుమ పడని జబ్బు) ఉన్న పిల్లల్లో అసలు థైరాయిడ్ ఆటోఇమ్యూన్ జబ్బే ఎక్కువ, అందుకే షుగరు పిల్లలకి ఏ లక్షణం లేకపోయినా మధ్యమధ్యలో టీఎస్‌హెచ్ చూస్తుంటాం.

ఇప్పుడు మందు మొదలెట్టే ముందు ఒక్కటి తేలాలి. టీ4 పెరిగిన ప్రతిదీ గ్రేవ్స్ కాదు. హషిమోటోలోనే గ్రంథి దెబ్బతిన్నప్పుడు లోపల నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారి బయటికి కారిపోతుంది, గాదెకి కన్నం పడ్డట్టు. దీన్ని హషిటాక్సికోసిస్ అంటారు. గాదెలో సరుకు రెండు మూడు నెలలకి మించి ఉండదు కాబట్టి అది అయిపోగానే దానంతట అదే దిగుతుంది, ఒక్కోసారి కిందకి హైపోలోకి కూడా పోతుంది. దానికి కార్బిమజోల్ పనికిరాదు, ఎందుకంటే ఆ మందు కొత్త సరుకు తయారవకుండా ఆపుతుంది గానీ కారిపోయేదాన్ని ఆపలేదు. దడ తగ్గడానికి ప్రొప్రనొలోల్ ఇచ్చి చూస్తాం అంతే. పాపకి ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా లేదా మీరు రాయలేదు, ఉంటే ప్రొప్రనొలోల్ రాసేముందే డాక్టరుకి చెప్పండి, అది ఉబ్బసం పిల్లలకి మంచిది కాదు.

మీ పాప విషయంలో సంక్రాంతి నుంచీ లక్షణాలున్నాయి, ఏప్రిల్ కంటే ఇప్పుడు టీ4 ఇంకా పెరిగింది, కాబట్టి కన్నం పడ్డ గాదె లెక్క ఇక్కడ సరిపోవట్లేదు, నాకూ గ్రేవ్స్ అనే అనిపిస్తోంది. కానీ అనిపించడం వేరు తేలడం వేరు. ట్రాబ్ అనే టెస్టు అడగండి, టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ అన్నమాట. మన చిన్న ఊళ్ల ల్యాబులు చాలావరకు శాంపిల్ బయటికి పంపిస్తాయి, కొన్ని రోజులు ఆలస్యం అవుతుంది, కాస్త ఖరీదు కూడా, అయినా చేయించండి. మామూలు ట్రాబ్ టెస్టు ఆ యాంటీబాడీ రేపేదా ఆపేదా అన్నది విడదీసి చెప్పదు, ఉందా లేదా ఎంతుంది అని చెప్తుంది, టీ4 4.4 ఉన్నప్పుడు అది రేపేదేనని మనకి తెలుస్తూనే ఉంటుందిగా. అందులో తేలకపోతే టెక్నీషియం స్కాన్ ఉంది, గ్రేవ్స్ అయితే గ్రంథి మొత్తం మందుని బాగా లాక్కుంటుంది, కారుడు రకం అయితే సరిగ్గా లాక్కోదు. టీపీఓ మళ్ళీ మళ్ళీ చేయించకండి, 600 ఉన్నది 900 అయిందని కొందరు కంగారుపడి వస్తారు, ఆ నంబరు బట్టి మందు మారదు, డబ్బులు దండగ.

అన్నట్టు పాపకి జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఏమైనా వేస్తున్నారా? ఈ మధ్య ఇది ఎక్కువైంది. బయోటిన్ కొన్ని ల్యాబ్ మెషిన్లని తికమక పెట్టి టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా, ఒక్కోసారి ట్రాబ్ కూడా ఉన్నట్టు చూపిస్తుంది, అచ్చం గ్రేవ్స్‌లా. మీ పాపకి బరువు తగ్గడం చేతులు వణకడం ఉన్నాయి కాబట్టి ఇది కాదులెండి, కానీ వేస్తుంటే రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపండి.

కార్బిమజోల్ గురించి. డోసు ఇక్కడ రాయను, చూడకుండా రాయకూడదు. పిల్లల్లో మొదటి మందు ఇదే, లేదా దీని అన్న మెథిమజోల్. ప్రొపైల్ థయోయురాసిల్ అనే పాత మందు పిల్లలకి వాడం, లివర్ పూర్తిగా దెబ్బతిన్న కేసులు వచ్చాయని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే పెట్టింది. మొదలెట్టే ముందు ఒకసారి సీబీసీ (రక్త కణాల లెక్క), లివర్ టెస్టు చేయించి ఉంచుకుంటే తర్వాత పోల్చుకోడానికి ఉంటుంది. దురదలు దద్దుర్లు కొందరికి వస్తాయి, అది డాక్టరుకి చెప్తే సరిపోతుంది. అసలు భయపడాల్సింది ఒక్కటే, చాలా అరుదుగా తెల్ల కణాలు ఒక్కసారి పడిపోవడం. పాపకి జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుళ్ళు వస్తే ఆ పూట కార్బిమజోల్ వెయ్యకుండా ఆపి అదే రోజు సీబీసీ చేయించాలి, రేపు కాదు. మనవైపు ఏమవుతుందంటే వానాకాలంలో జ్వరం అనగానే డెంగ్యూనో టైఫాయిడో అనుకుని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ చేయించి రెండ్రోజులు చూస్తారు. ఈ పాప విషయంలో ఆ రెండ్రోజులు చూడ్డం ఉండకూడదు. కార్బిమజోల్ వేస్తున్నాం అన్న మాట ఆర్‌ఎంపీకీ, బళ్లో టీచరుకీ, పాపని సెలవులకి తీసుకెళ్లే మేనత్తకీ అందరికీ తెలిసుండాలి.

మందు మొదలయ్యాక రెండు మూడు నెలలకి మీరు మళ్ళీ కంగారుపడే చోటు ఒకటుంది, ముందే చెప్పేస్తా. ఫ్రీ టీ4 మామూలుకి వచ్చేస్తుంది, టీఎస్‌హెచ్ మాత్రం 0.01 దగ్గరే కూర్చుని ఉంటుంది. లస్కరు ఇంటికెళ్లి కూర్చున్నాడు అన్నాను కదా, తలుపు దించినా వాడు వెంటనే డ్యూటీకి రాడు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ టీఎస్‌హెచ్ చూసి మందు పెంచేశారంటే పాప పూర్తిగా హైపోలోకి పోతుంది. కాబట్టి మొదట్లో ఫ్రీ టీ4, టీ3 (గ్రంథి చేసే ఇంకో హార్మోన్) చూసే మందు సర్దాలి, ల్యాబులో టీఎస్‌హెచ్ ఒక్కటే రాయించుకుని రాకండి. కొందరు డాక్టర్లు కార్బిమజోల్ కాస్త ఎక్కువే ఉంచి దానితో పాటు థైరాక్సిన్ కూడా ఇస్తారు, అలా రాస్తే ఇదేంటి హైపర్‌కీ హైపోకీ రెంటికీ మందులా అని ఆపేయకండి, ఊగిసలాట ఎక్కువున్న పిల్లల్లో అదొక పద్ధతి.

జీవితాంతమా అన్నారు. పిల్లల్లో గ్రేవ్స్‌కి సాధారణంగా రెండేళ్లైనా మందు నడుస్తుంది, ఆ తర్వాత ఆపితే పదిమందిలో సుమారు ముగ్గురికి తిరిగి రాకుండా నిలుస్తుంది, మిగతావాళ్లకి మళ్ళీ వస్తుంది. మళ్ళీ వస్తే ఇంకొన్నేళ్లు మందు, లేదంటే ఆపరేషన్, కాస్త పెద్దయ్యాక రేడియో అయోడిన్. అవి ఇప్పుడు ఆలోచించాల్సినవి కావు. మీ పాపకి ఇంకో దారి కూడా ఉంది, లోపల హషిమోటో దాడి ఎలాగూ నడుస్తోంది కాబట్టి కొన్నేళ్లకి గ్రంథి అలిసిపోయి మళ్ళీ హైపోకి రావచ్చు, అప్పుడు మళ్ళీ అదే థైరాక్సిన్ మాత్ర. అలా జరిగితే ఈసారి ఎవర్నీ తిట్టుకోకండి. థైరాక్సిన్ మీదకి తిరిగొచ్చినప్పుడు బళ్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రకీ దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, కాల్షియంకి కూడా అంతే, సీసాని పొయ్యి పక్కన గూట్లో పెట్టకండి, మన ఉక్కకీ చెమ్మకీ పాడవుతుంది.

ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులకి ఒక మాట, మీ పిల్లాడికి టీఎస్‌హెచ్ 6, 7 వచ్చి టీ4 మామూలుగా ఉండి ఎత్తు బాగా పెరుగుతుంటే ఈ పాప కథ చూసి బెంబేలెత్తకండి. అలాంటివాళ్లలో చాలామందికి మందు లేకుండానే మామూలుకి వస్తుంది, కొన్ని నెలలకోసారి చూసుకుంటే చాలు. 10 దాటి అలాగే ఉండిపోతే అప్పుడు మందు మాట.

తిండి సంగతి మీరు అడిగారు, త్వరగా చెప్తా. చేపలు, రొయ్యలు తినొచ్చు, పులస దొరికితే నాక్కూడా చెప్పండి. క్యాబేజీ కూర వండుకుంటే ఏం కాదు. సముద్రం పక్కనే ఉన్నాం కదా మనకి అయోడిన్ ఉప్పెందుకని కొందరు రాళ్ల ఉప్పుకి పోతున్నారు, అలా చెయ్యొద్దు, సముద్రం ఉప్పులో సహజంగా అయోడిన్ పెద్దగా ఉండదు, కలిపితేనే ఉంటుంది. దేశంలో ఈ ఉప్పు కార్యక్రమం 1962లో మొదలైంది ఊరికే కాదు. అలాగని సముద్రపు నాచు క్యాప్సూళ్లు, థైరాయిడ్ పౌడర్లు అంటూ ఆన్‌లైన్లో అమ్మేవి పాపకి ఇవ్వకండి, గ్రేవ్స్‌లో అదనపు అయోడిన్ ఎగదోసినట్టే.

కాకినాడ వెళ్లేలోపు ఈ పని చెయ్యండి. పాప రాత్రి గాఢ నిద్రలో ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నాడి ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టి తేదీతో రాయండి, మూడు రాత్రులు. మెలకువలో లెక్కపెడితే భయానికో పరుగుకో పెరుగుతుంది, నిద్రలో కూడా వంద దాటుతోందంటే అది గ్రంథి పనే. 120 దాటినా, ఆయాసం, జ్వరం, వాంతులు, మాట తడబడ్డం ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి. నాడి కుదుటపడేదాకా బళ్లో ఆటల పీరియడ్ వద్దని పీఈటీ మాస్టారికి చీటీ రాసివ్వండి, రాత గురించి క్లాస్ టీచరుకి కూడా చెప్పండి, చేతులు వణుకుతున్న పిల్లని రాత బాలేదని పదేసిసార్లు రాయిస్తున్నారని మీరు రాసింది చదివి నాకు మహా కష్టమనిపించింది. ట్రాబ్ రిపోర్టు వచ్చాక నంబరొక్కటే కాకుండా పక్కన ల్యాబ్ వాళ్లిచ్చిన రేంజ్ కూడా రాయండి, చూసి చెప్తాను.